ఎండకు పట్టిన ట్యాంకు

పూతలపట్టు కూడలిలో చిన్నబ్బ వెల్డింగు షెడ్డు. తొంభై తొమ్మిదో సంవత్సరం, మే నెలలో ఒక పొద్దున. వరదయ్య బాడుగలకు తోలే అంబాసిడర్ కారు నుంచి విప్పిన డీజిలు ట్యాంకు వాళ్లిద్దరి మధ్యా ఉంది.

"ఎండకు పట్టి సూసినా గదన్నా. లోపల చుక్కలే చుక్కలు. అడుగంతా తినేసుండాది తుప్పు. నువ్వూ ఒకసారి మూతి కాడ కన్ను పెట్టి సూడు."

"నువ్వు సూసినావు గదా చిన్నబ్బా, సాల్లే. ట్యాంకు పొయినట్టే గదా?"

"పొయిందని నేను యాడ సెప్పినా? అడుగు కోసేసి కొత్త రేకు అతికిస్తా. సోడా నీళ్లతో కడిగి, డీజిలు వాసన పొయ్యేదాకా ఎండలో ఆరబెట్టి, అప్పుడు గ్యాసు పెడతా. నీ బండి మళ్లా తిరప్తి కొండెక్కతాది."

"వద్దు."

"ఏంది వద్దు?"

"రేకూ వద్దు, గీకూ వద్దు. పాత ఇనపసామాను వాళ్లకు ఏసేస్తాం."

"ట్యాంకునా?"

"బండిని."

"అన్నా, ఎండ తలకెక్కిందా? ట్యాంకు కారితే ఎవురైనా బండి ఏసేస్తారా? ఇంజను బాగుండాది. గేర్లు బాగుండాయి. పోయిన ఉగాదికి నువ్వే గదా రంగు కొట్టించి, బొట్లు పెట్టి, నిమ్మకాయలు తొక్కించినావు."

"అప్పుడు అప్పుడే, ఇప్పుడు ఇప్పుడే."

"నీకుండేది ఈ బండొకటే. సేనా, సెట్టా? బండి ఏసేసి ఏం సేస్తావు?"

"ఏదో ఒకటి. టీ అంగడి పెట్టుకుంటా."

"నువ్వా? నీళ్లు కాంచమంటే గిన్నె మాడబెట్టినావని వదిన సెప్పి సెప్పి నవ్వతాది. నీ టీ ఎవురు తాగతారు సామీ?"

"తాగకుంటే పోనీ."

"సరే, రేకు పనికి ఓపిక లేదంటే సబ్బు రుద్దిస్తా. బట్టల సబ్బు చిల్లుల్లోకి దిగి కరుసుకుంటే డీజిలు చుక్క బయటికి రాదు. ఎండాకాలం కొండకు పొయ్యే జనం తగ్గేదాకా బాడుగలు తోలుకో. తర్వాత నిదానంగా రేకు ఏస్తా."

"సబ్బూ వద్దప్పా. ఎన్నిసార్లు సెప్పల్ల నీకు?"

"కోపమెందుకన్నా? ఇంతకీ నిన్న బండి యాడ ఆగింది?"

"తిరుచానూర్లో."

"తిరుచానూర్లో యాడ?"

"యాడయితే ఏముండాది? పూలంగళ్ల ముందర."

"అయ్యో, అంత జనంలోనా?"

"ఆగింది. అంతే. ఊరికే తవ్వద్దు."

"తవ్వలేదు, అడిగినా. జీపుకు తాడు కట్టి ఈడికి లాక్కోనొచ్చినప్పుడు నీ స్టీరింగు కాడ ఎవురో కూసోనుండె. నువ్వు జీపులోంచి దిగితివి. నాకు నవ్వొచ్చింది. సొంత బామ్మర్దినే ఆ సీట్లో కూసోనియ్యవు గదా నువ్వు."

"నడుము నొప్పి."

"నడుము నొప్పికీ బండి ఏసేసేదానికీ సంబంధమేంది?"

"చిన్నబ్బా, నా మాట ఇను. సిద్ధమ్మ వస్తాది. వేలూర్లో తమ్మునింటికి పోయుండాది, పొద్దున బస్సుకు వస్తానని సెప్పింది. వస్తానే నిన్నే అడగతాది. ట్యాంకు పనికిరాదు, బండే పనికిరాదు అని సెప్పేయ్."

"వదినకా? అబద్ధమా?"

"ఈ మోడలుకు ట్యాంకులు దొరకడంలేదని సెప్పు."

"అంబాసిడరుకు సామాను దొరకదంటే ఈ రోడ్డు మింద పొయ్యే ఎద్దుల బండోడు గూడా నవ్వతాడన్నా."

"నవ్వనీ. నేను సెప్తే ఆ యమ్మ ఇనదు. నువ్వు పనోడివి, నీ మాట ఇంటాది."

"ఎందుకో సెప్పు. అప్పుడు సెప్తా."

"ఎందుకో ఏంది? విసుగొచ్చింది. అంతే. నేను టీ తాగొస్తా."

"టీ అంగడి ఇట్లన్నా. అట్ల పోతాండావు యాడికి?"

"తెలుసులే."

"ఓ పక్క గుంత ఉండాది, సూసుకోని పో!"

"తెలుసులే అంటాండా గదా!"

\*

"చిన్నబ్బా! మా ఆయన ఈడ లేడు గదా?"

"రా వదినా. ఇప్పుడే టీ తాగను పొయినాడు. ఏంది ఆ గోనెసంచి, అంత బరువు? ఇట్లియ్యి, ఇట్లియ్యి."

"మెల్లిగా. సొట్ట పడతాది. ట్యాంకు."

"ట్యాంకా!"

"గట్టిగా అరవొద్దు. మా తమ్ముడు బాలాజీ వేలూర్లో పాతసామాన్ల అంగళ్లన్నీ ఎతికి పట్టినాడు. గుద్దుకున్న బండిదంట, ముందర పక్కంతా నుజ్జయినా ఎనక ట్యాంకుకు ఏమీ కాలేదంట. బస్సోడు ఎక్కించుకోనన్నాడు. ఇది నా పుట్టింటి సారె అని కొట్లాడి ఒళ్లో పెట్టుకోనొచ్చినా. మోకాళ్లు సూడు, ఎట్ల కందిపొయినాయో."

"నీకు ట్యాంకు కారతాందని ముందే తెలుసునా?"

"బండి నిలిపిన కాడల్లా నేల తడిసిపోతాంటే తెలీదా? వాకిట్లో డీజిలు వాసనకు ముగ్గు గూడా ఎయ్యబుద్ది కాదు. ఆయన్నడిగితే గమ్మునుండు అంటాడు. నేనే పోదామని పొయినా. ఎట్లుండాదో ఎండకు పట్టి సూడు ముందు."

"అబ్బా! కారుచీకటి. ఒక్క చుక్క వెలుగు లేదు వదినా. బంగారం లాంటి ట్యాంకు పట్టినాడు మీ తమ్ముడు."

"హమ్మయ్య. దారి పొడుగునా భయపడతానే వచ్చినా."

"వదినా, ఒక మాట. అన్న మాత్రం బండి ఇనపసామాన్లకు ఏసేస్తానంటాండాడు."

"అంటాడు. ఇంట్లోనూ అదే పాట. అన్నం ముందర కూసుంటే అదే, పండుకుంటే అదే. బండి పోతే మాకేముండాది చిన్నబ్బా? లోకేశ్వరి ఇంకా కాలేజీకి పోతాండాది. ఈయనకు స్టీరింగు పట్టేది తప్ప ఇంకోటి రాదు. నేను పూలు కట్టి అమ్మినా ఇల్లు నడస్తాదా? బండి లేచి నిలబడితే మేమూ నిలబడతాం, లేకుంటే లేదు."

"అదే నేనూ సెప్పినా."

"ఆయనకు విసుగు. అంతే. ఈ ట్యాంకు సూస్తే ఉషారొస్తాది. ఇదో, నువ్వొక పని సెయ్. పాత ట్యాంకును గోడ పక్కకు జరిపి గోనె కప్పు. దీన్ని నువ్వే ఎండకు పట్టుకోని, సూడమని పిలువు. పాతదే అనుకోని కన్ను పెడతాడు. లోపల ఒక్క చిల్లు గూడా లేకపోతే ఆ మొగం ఎట్ల మారతాదో నేను సూడల్ల. ఆయన నవ్వి శానా దినాలయింది."

"దుమ్ము పట్టి పాతదాని మాదిరే ఉండాదిలే. అయినా అన్న ఊరికే కనిపెట్టేస్తాడు వదినా. ముప్పై ఏండ్ల డ్రైవరు."

"కనిపెట్టనీ. అప్పుడయినా నవ్వతాడు గదా. ఇదో, వస్తాండాడు. నువ్వు మొగం మామూలుగా పెట్టుకో."

"ఎవురూ? సిద్ధమ్మా?"

"ఎదురుగా నిలబడుకోనుంటే ఎవురంటావేందయ్యా?"

"ఎండ కండ్లల్లో పడతాండాది. ఎప్పుడొచ్చినావు?"

"ఇప్పుడే. బస్సు దిగి నేరుగా ఈడికే వచ్చినా. టీ తాగినావా? ఏంది, చొక్కా మిందంతా పోసుకున్నావు?"

"పక్కోడు తగిలినాడు. చిన్నబ్బా, సెప్పినావా ఈ యమ్మకు?"

"ఏం సెప్పాలన్నా?"

"ట్యాంకు సంగతి. బండి సంగతి."

"నేనెందుకు? నువ్వే సూసి నువ్వే సెప్పు. ఇదో, పట్టుకున్నా. ఎండకే పట్టుకున్నా. మూతి కాడ కన్ను పెట్టు."

"సూసేదేముండాది? పొద్దున సూసిందే గదా."

"పొద్దున నువ్వు సూళ్లేదన్నా. నేను సూసినా."

"ఎవురు సూస్తే ఏం?"

"సూడయ్యా, నా కోసం. ఒక్కసారి సూసి, ఇది పనికిరాదు సిద్ధమ్మా అని నీ నోటితో సెప్పు. నేను మళ్లా బండి మాట ఎత్తను."

"ఎత్తవా?"

"ఎత్తను."

"ఒట్టు?"

"అమ్మవారి మింద ఒట్టు."

"సరే, పట్టుకో. యాడ మూతి?"

"ఇట్లన్నా. ఇంకొంచెం ఈ పక్కకు. అట్ల గాదు, కిందికి వంగు. ఆఁ, అదే."

"సూస్తాండావా?"

"సూస్తాండా."

"ఏం కనపడతాండాది? సెప్పు, సెప్పు."

"ఏం కనపడతాది? జల్లెడ. యాడ సూసినా చిల్లులే. ఆ మూల సూడు, ఏలు పట్టేంత ఉండాది. వెలుతురు వచ్చి కండ్లల్లో పొడస్తాండాది. ఇంక దీన్ని ఎవురూ బాగుసెయ్యలేరు సిద్ధమ్మా. నేను సెప్తే ఇంటివా? ఇప్పుడన్నా ఇను. బండి ఏసేస్తాం. ఏంది, ఇద్దురూ గమ్మునుండారు? చిన్నబ్బా, నువ్వు సెప్పప్పా. ఎట్లుండాదో సెప్పు."

"అన్నా..."

"సెప్పు."

"అన్నా, ఇది మీ ట్యాంకు గాదు."

"మా ట్యాంకు గాదా?"

"వదిన వేలూరు నుంచి తెచ్చింది. దీంట్లో ఒక్క చిల్లు గూడా లేదన్నా. లోపలంతా చీకటి."

"ఏమయ్యా. ఇట్ల తిరుగు."

"ఇంటికి పోదాం పద సిద్ధమ్మా."

"తిరగమంటాండా గదా. నా చేతిలో ఏముండాది ఇప్పుడు?"

"జనం సూస్తారు."

"సూడనీ. నా చేతిలో ఏముండాది?"

"కొంగు... కొంగు పట్టుకోనుండావు."

"ఏమీ లేదయ్యా. ఉత్త చెయ్యి. నీ మొగం ముందర పెట్టుకోనుండా."

"వదినా, ఏడవొద్దు. కంట్లో పొర వచ్చుంటాది. తిరప్తికి పోతే కోసి తీసేస్తారు. మా అత్తకు తీసినారు, ఇప్పుడు సూదిలో దారం ఎక్కిస్తాంది."

"పొర గాదు చిన్నబ్బా. సూపించుకున్నా. నీటికాసులంట. కంటి నరం ఎండిపొయిందంట. పొయిన సూపు రాదు, ఉండేది నిలవదు అనేసినాడు డాక్టరు. మొదట పక్క సూపు పొయింది. తర్వాత పొద్దుగూకితే ఏమీ కనపడకుండా పొయింది. ఇప్పుడు పగలు గూడా మసకే."

"నాకెందుకు సెప్పలేదు?"

"ఏమని సెప్పల్ల? డ్రైవరు గుడ్డోడయినాడనా? సిగ్గేసింది సిద్ధమ్మా. ట్యాంకు కారతాంటే లోలోపల సంతోషపడినా. తుప్పు పట్టి బండి పొయిందంటే నలుగురూ అయ్యో పాపం అంటారు. నా కండ్లు పొయినాయంటే నువ్వు ఇట్ల ఏడస్తావు. అందుకే ట్యాంకు మింద పెట్టేసి పోదామనుకున్నా."

"నా ఏడుపు సరేలే. ఇన్నాళ్లూ ఎట్ల తోలినావు? పిల్లాజెల్లా ఎక్కతారే ఆ బండిలో! కొండ మలుపుల్లో ఎట్ల తోలినావు?"

"కొండకు పోవడం మానేసినా. కొండకు పోతాండా అని నీకు సెప్పి, కిందనే తిరప్తి, తిరుచానూరు, అంతే తిరగతాంటి. ఆ రోడ్లు నాకు పాతవి. ముందర బండి ఎర్ర లైటు ఎట్లనో కనపడేది. దాని ఎనకనే పొయ్యేవాణ్ణి."

"దేవుడా... ఎవురికీ ఏమీ కాలేదు గదా? నిజం సెప్పు. ఎవురికన్నా ఏమన్నా అయిందా?"

"కాలేదు."

"నా మింద ఒట్టేసి సెప్పు."

"కాలేదు సిద్ధమ్మా. నిన్న అయ్యుండల్ల."

"నిన్నా?"

"పూలంగళ్ల ముందర. డీజిలంతా కారిపొయి, బండి దగ్గి దగ్గి ఆగింది. దిగి సూస్తే, బంపరుకు ఆనుకోని ఒక పసిది నిలబడుకోనుండాది. చెయ్యి సాపితే గానీ నాకు తెలీలేదు, తల తగిలింది. వాళ్లమ్మ పరిగెత్తుకోనొచ్చి నా కాళ్ల మింద పడింది. బ్రేకేసి నా బిడ్డను కాపాడినావు నాయనా, నీ కండ్లు సల్లగుండ అని."

"అట్లయితే కాపాడినావు గదయ్యా! అమ్మవారే నీ కాలు బ్రేకు మింద పెట్టించింది."

"నేను బ్రేకు మింద కాలే పెట్టలేదు సిద్ధమ్మా."