పదకొండో వరుస

ఏప్రిల్ ఆఖరి శనివారం మధ్యాహ్నం. బఫెలోలో ఒక ముసలాయన ఇంటి నుంచి వెళ్ళిన ఫోను.

“లెనర్డ్ ఎవరండీ? నాకు ఏ లెనర్డూ తెలీదు.”

“పదకొండో వరుస. ఆరో కుర్చీ.”

“నువ్వా లెన్! ముందే కుర్చీ నంబరు చెప్పి చావచ్చుగా. ఇరవై రెండేళ్ళుగా పక్కన కూర్చున్నావు, ఏనాడూ ఫోన్ చేసిన పాపాన పోలేదు. ఏమైనా అయిందా?”

“ఏం కాలేదు డార్లీన్. జనవరిలో పాత స్టేడియంలో ఆఖరి మ్యాచ్ నాడు నువ్వేగా నంబరు రాసిచ్చావు. అది సరేగానీ, టీవీలో ఫుట్‌బాల్ డ్రాఫ్ట్ చూస్తున్నావా? కాలేజీ కుర్రాళ్ళలో మన టీమువాళ్ళు ఎవర్ని తీసుకున్నారో చూశావా?”

“చూశా. అలబామా కుర్రాడు. మేబ్రీ.”

“కార్నర్‌బ్యాక్! వెనకాల అంచున కాపలా కాసేవాడు ఇంకొకడు! మనకి కావలసింది ముందు వరసలో గోడలా నిలబడే లావుపాటివాళ్ళు. వీళ్ళేమో బక్కపిల్లాణ్ణి పట్టుకొచ్చారు. గాలొస్తే ఎగిరి మన ఊరి సరస్సులో పడతాడు.”

“పోయినసారి తెచ్చినవాణ్ణీ ఇలాగే అన్నావు. నవంబరొచ్చేసరికి వాడి పేరున్న చొక్కా వేసుకుని తిరిగావు.”

“అది నా మేనల్లుడు ఇచ్చిందని చెప్పాగా.”

“చెప్పావు చెప్పావు.”

“చేతులు పొట్టి వీడికి.”

“కాళ్ళున్నాయిగా. నాకు నచ్చాడు లెన్. అతని ఆట రెండు ముక్కలు వేసి చూపించారు. అవతల బంతి అందుకునేవాడికి తను ఎటు పరిగెడతాడో తెలుసు. ఇతనికి తెలీదు. వెనక్కి పరిగెడుతూనే కనిపెట్టాలి. పక్కన సాయానికి ఒక్కడు ఉండడు. తప్పితే డెబ్భై వేలమందీ చూస్తారు. అలాంటి పనికి ఒప్పుకున్నవాణ్ణి పట్టుకుని చేతులు పొట్టి అంటావేంటి?”

“నువ్వు బస్సు తోలేటప్పుడు కూడా ఇలాగే అందర్నీ వెనకేసుకొచ్చేదానివా?”

“టిక్కెట్టు లేనివాళ్ళని మాత్రం దింపేసేదాన్ని. నిన్నూ దింపేసేదాన్ని. బార్‌లో చూడట్లేదా నువ్వు? ఏం చప్పుడు లేదు అక్కడ.”

“ఇంట్లోనే. వీధి చివర బార్‌లో అందరూ చేరారు, మా వీధి స్టాన్ కూడా రమ్మన్నాడు. గుమ్మం దాకా వెళ్ళి వచ్చేశా. ఎవడి పక్కన కూర్చోవాలో తెలీలేదు.”

“అదేం మాట?”

“అదే మాట. సరే, నవ్వకు. ఆ కుర్రాడి పేరు చదివారా, నేను లేచా. తిట్టుకుంటూనే లేచాననుకో. అలవాటు కొద్దీ కుడిచెయ్యి పక్కకి చాపి ఫాట్‌మని ఒక్కటిచ్చా.”

“ఎవరికి?”

“దీపానికి. మా ఆవిడ ఐరీన్ పెళ్ళికి ముందు కొన్న గాజు దీపం. సోఫా పక్కనుంటుంది. పడి ముక్కలైంది.”

“అయ్యో... లెన్, నవ్వొస్తోంది, ఏమనుకోకు. మ్యాచ్‌లో కొట్టుకున్నట్టు నా అరచెయ్యి అనుకున్నావా?”

“ఇంకెవరిదనుకుంటాను?”

“గాజుముక్కలు జాగ్రత్తగా ఎత్తు. చెప్పులు వేసుకో.”

“వేసుకున్నాలే. ఏంటి, పక్షులా అవి? కిటికీ తీసి కూర్చున్నావా? ఇక్కడ వానా మంచూ కలిసి కొడుతుంటే.”

“టీవీలోవేవో. అది సరే, ఆ మేబ్రీకి ఏ నంబరిస్తారంటావు?”

“ఏదో ఇస్తారు. డార్లీన్, కొత్త స్టేడియంలో నీ కుర్చీ తీసుకున్నావా?”

“కాలేజీలో ఇరవై నాలుగంట అతనిది.”

“నేనింకా తీసుకోలేదు. ముప్ఫై నాలుగేళ్ళుగా సీజన్ టిక్కెట్టు కొంటున్నవాణ్ణి కదా, నా వంతు ఫిబ్రవరిలోనే వచ్చింది. టిక్కెట్ల ఆఫీసులో పిల్ల స్క్రీన్ మీద మొత్తం మ్యాపు చూపించింది, ఎక్కడ కావాలంటే అక్కడ అంది. నా పక్క కుర్చీ ఆవిడ ఎక్కడ తీసుకుందో కనుక్కుని వస్తా అన్నా. మార్చిలో మళ్ళీ పిలిచారు. మళ్ళీ అదే అన్నా. మంచివన్నీ అయిపోతున్నాయి సార్ అంది. సోమవారం పదింటికి రమ్మన్నారు. అదే ఆఖరంట.”

“రెండుసార్లు వదులుకున్నావా? నీకేమైనా పిచ్చా? నాకు ఫోన్ చెయ్యచ్చుగా.”

“నువ్వే చేస్తావనుకున్నా. ఆఖరి మ్యాచ్ నాడు, అందరూ కుర్చీలు పట్టుకుని ఏడుస్తుంటే, నువ్వు నాతో ఏమన్నావు?”

“ఏమన్నాను?”

“వచ్చే ఏడు ఇక్కడే, అన్నావు.”

“ప్రతి ఏడూ అంటాంగా లెన్. నువ్వంటావు, నేనంటాను. ఇరవై రెండేళ్ళు అన్నాం. నోటికొచ్చేసింది. ఆ స్టేడియం కూలగొడుతున్నారు, ఇక్కడే ఏంటి, ఎక్కడ?”

“నాకు తెలుసు కూలగొడుతున్నారని. నీ పక్కనే అన్నట్టు విన్నా. చెప్పు. పైనా? కిందా? పైనయితే నా మోకాలు చూసుకుంటాలే. ఎక్కుతాను మెల్లిగా.”

“నా వంతుకి నేను వెళ్ళలేదు లెన్.”

“ఇంకా వెళ్ళలేదా? మరింకేం, సోమవారం ఇద్దరం కలిసే...”

“లెన్. అవి టీవీలో పక్షులు కావు. నేను దక్షిణాన షార్లెట్ ఊళ్ళో ఉన్నా. ఫిబ్రవరి నుంచీ. మా అక్క ఒడెస్సాకి చూపు పోయింది, దగ్గర ఎవరూ లేరు. ఇల్లు అమ్మేశా. ఆ రోజు చెబుదామనే నీకు నంబరిచ్చా. నీ మొహం చూశాక నోరు రాలేదు.”

“షార్లెట్‌లో.”

“ఆ.”

“అక్కడ వేరే టీమ్ ఉందిగా.”

“ఉంటే ఉంది. వీధంతా వాళ్ళ జెండాలే. నేను చూడను.”

“వేడిగా ఉంటుందా?”

“చెట్లన్నీ పూసేశాయి.”

“మరి సోమవారం ఆ పిల్లకి ఎన్ని కుర్చీలని చెప్పను?”

“ఒకటే చెప్పు. నడక దారి పక్కది. మోకాలు చాపుకోవచ్చు.”

“పక్కన ఎవరొస్తారో.”

“ఎవరో ఒకరొస్తారు. మొదటిరోజే చేతులు పొట్టి అని తిట్టకు. ఓ ఏడాది ఆగు.”

“మీ అక్కయ్యని అడిగానని చెప్పు. ఉంటా మరి. ఈ ముక్కలు ఎత్తాలి.”

“ఆగు, పెట్టెయ్యకు. ఇందాక నువ్వు చెప్తే నవ్వాను కదా. నేనూ లేచాను లెన్, వాడి పేరు చదవగానే. వంటింట్లో ఒక్కదాన్నే. ఎడమచెయ్యి నీవైపు చాపి అలాగే నించున్నా. నాకు తగలడానికి దీపం కూడా లేదు.”