రేవు పలక మీది ఎర్ర తలగుడ్డ

1756 మే 5, బుధవారం. డ్రెస్డెన్ నగర న్యాయాధికారి వారి ఎదుట.

నా పేరు సిబిల్లా క్రెట్ష్మర్. వయసు అరవై ఏడు. గుమాస్తా గారు నా మొహం చూసి డెబ్బై అయిదు రాశారు; దిద్దించాను. వృత్తి బొమ్మలు వేయడం. నా అల్లుడు గాట్లోబ్ హెన్షెల్ ఊరి దృశ్యాలు గీస్తాడు. నది, వంతెన, చర్చి గుమ్మటం అతనివి. అవి ఆరాక వాటిలో మనుషులను పెట్టేది నేను. మనుషులు అతనికి రారు.

నా కూతురు రోజినా అతని భార్య. మార్చి నెలలో వంతెన కింది రేవులో బట్టలు ఉతుకుతూ, పలక మీద కాలు జారి ఎల్బే నదిలో పడిపోయింది. శవం దొరకలేదు. శవం లేనిదే సమాధికి చోటు ఇవ్వలేనన్నారు పాస్టరు గారు.

ఒక ప్రభువు కోసం గీసిన నది దృశ్యం అప్పటికే పూర్తయింది. వార్నిష్ కూడా పడింది. అందులో రేవు పలక ఖాళీగా ఉంది. పోయిన వారం అక్కడ రోజినాను పెట్టాను. చిటికెన వేలి గోరంత. ఎర్ర తలగుడ్డ, మోచేతుల పైకి మడిచిన చొక్కా. వార్నిష్ మీద వేసిన రంగు నిలవదని శిష్యులకు జన్మంతా చెప్పినదాన్ని. ముందు వార్నిష్ గీకాలి. గీకితే నీళ్లు పాడై అల్లుడికి తెలిసిపోతుందని గీకలేదు.

అతను మర్నాడే చూశాడు. ఆ పూట నుంచి భోజనం ఆ బొమ్మ ముందు కూర్చుని తిన్నాడు.

నిన్న ఉదయం పది గంటలకు ప్రభువు గారి దివాను వచ్చారు.

"ఇదెవరయ్యా, బట్టలుతుక్కునేదా? మా దొరగారి భోజనాల గదిలో ఈ ఉతుకుడేంటి? తీసేసి ఓ మచ్చల కుక్కని పెట్టించు."

"అది నా కూతురండీ," అన్నాను.

"అయితే మీ ఇంట్లో తగిలించుకో, అవ్వా."

"తగిలించుకుంటా. నది లేకుండా దాన్నెక్కడ నిలబెట్టను బాబూ?"

గాట్లోబ్ నా వైపు చూడలేదు. "అత్తయ్యా, నువ్వు లోపలికెళ్లు."

"వెళ్లను. నా ముందే కానియ్."

గుడ్డ రంగు కరిగించే టర్పెంటైన్‌లో ముంచి, కళ్లు మూసుకుని, ఒక్కసారి తుడిచాడు. అంత పనికే కళ్లు మూసుకోవలసి వచ్చింది. రోజినా పోయింది. వార్నిష్ కింద నీళ్లు చెక్కుచెదరలేదు. పలక ఖాళీగా, నీళ్లు నున్నగా. మార్చిలో లాగే, నీళ్లు నున్నగా.

"భలే! అసలెవరూ లేనట్టే ఉందే," అన్నారు దివాను గారు.

అప్పుడు బల్ల మీది కత్తి తీసుకుని బొమ్మలో పలక పక్కన నీళ్లను కోశాను. దివాను గారి మీదికి కత్తి ఎత్తానన్నది అబద్ధం. ఆ సమయంలో వారు నా కంటికి ఆనలేదు. ఎందుకు కోశావని తమరు మళ్లీ మళ్లీ అడిగారు. నీళ్లు అంత నున్నగా మూసుకోకూడదు. అంతకన్నా నాకు తెలియదు.

ఏ శిక్షయినా సరే. కుక్కను మాత్రం వేయను. ఒక్క మనవి. సాక్ష్యం కింద తమరి బల్ల మీద పెట్టిన ఆ గుడ్డకు ఎర్ర మరక ఉంది. విచారణ ముగిశాక దాన్ని నాకు ఇప్పించండి. ఉతికించవద్దు. పాతిపెట్టడానికి ఏదో ఒకటి ఉండాలని పాస్టరు గారే అన్నారు.

పైదంతా చదివి వినిపించారు. వయసుతో సహా నిజమే. సంతకం నేనే పెట్టాను.

సిబిల్లా క్రెట్ష్మర్