బూరల గడి

మరోదా స్టీలు కాలనీ క్వార్టర్‌లో అత్తగారు చింతపండు పిసుకుతుంటే, కోడలు చెప్పులతోనే వంటింట్లోకి వచ్చేసింది. ఎయిడ్స్ రాకుండా పల్లెల్లో నాటకాలు వేయించి, సుఖరోగాలకు మందులిప్పించి, నిరోధ్‌లు పంచే పథకంలో ఆమెది రెండేళ్ల ఉద్యోగం. దాని ఫలితం తేల్చే సర్వే ఆవేళే ముగిసింది.

“అత్తమ్మా, ఊరంతా తిరిగాను. ఒక్క బూర కూడా కనపడలేదు!”

“బూరలేటే? ముందు చెప్పులిప్పు.”

“కిందటేడు నిరోధ్ డబ్బాలన్నీ ఖాళీ అయ్యాయని సంబరపడ్డాం కదా! తీరా చూస్తే, పిల్లలు వాటినే గాలిబూరల్లా ఊదేశారు.”

“ఛీ, నెమ్మదిగా! పక్కింటి పంజాబీ ఆవిడకి నువ్వు పోలియో చుక్కలేస్తావని చెప్పాను.”

“ఈ ఏడు సగమే ఖర్చయ్యాయి. కానీ వాడింది పెద్దవాళ్లే! ఆడవాళ్లు నవ్వుతూ చెప్పేశారు. మొగుళ్లని క్లినిక్‌కి వాళ్లే లాక్కొచ్చారు.”

“మంచిదే కదా! మరి మొహం అలా పెట్టావేటి?”

“రేపు భోపాల్ నుంచి వచ్చే సాబ్ డబ్బాల లెక్కే చూస్తాడు. సగానికి పడిపోయిందని పథకం మూసేస్తే?”

“బూరల సంగతి రాసెయ్యి.”

“ఫారంలో దానికి గడి లేదత్తమ్మా.”

“లేకపోతే గీసుకోలేవా?” అత్తగారు చెయ్యి కడుక్కుని, మనవడి సంచీలోంచి స్కేలు తీసుకొచ్చింది. “కిందటేడు ఎంతమంది ఊదారు, ఈ ఏడు ఎంతమంది. డబ్బాల లెక్క పక్కనే రాయి.”

కోడలు ఫారాలన్నీ గచ్చుమీద పరిచేసింది.

“పెద్ద గడి గియ్యి,” అంది అత్తగారు, స్కేలు తానే అదిమిపట్టి. “సాబ్ కంట్లో ముందు అదే పడాల.”