కలకత్తా సేట్లు చూడవలసిన నార

చీపురుపల్లికి కోసెడు దూరంలో ఒక ఊరు. కార్తీకమాసం, పొద్దున్న. నార కోసం గోగుకట్టలు నానేసిన చిన్న చెరువు. ఆ బంద గట్టు మీద నరసింగరావు నాయుడు, ఆయన పొలం పనులు చూసే కంబారి అప్పలసూరి.

“...అది కాదురా సూరీ, ముందు ఆ మబ్బు చూడు. తూరుపంతా ఎంత నల్లగా కమ్మేసిందో చూసేవా?”

“సూసేను బాబూ. సీకటితోనే సూసేను. అందుకే...”

“మన గోనె మిల్లు పొగగొట్టం లేచిందనుకో, రోజూ ఆకాశం ఇలాగే ఉంటాది. గరివిడి దాకా కనిపిస్తాది.”

“కనిపిస్తాది బాబూ. గానీ ఇది వోన మబ్బు. సాయంత్రానికి దిగిపోతాది. దిగితే నార ఆరీ దారుండదు. ఇయ్యాళ కట్టలు తీయించీమని సెలవియ్యండి.”

“మళ్లీ అదే పాట.”

“అదే పాట బాబూ. నాకింకో పాట రాదు.”

“సేట్లు కలకత్తా నుంచి వస్తారు. ఇదిగో, ఇక్కడ నిలబడతారు. బంద ఈ చివర్నించి ఆ చివరికి గోగుకట్టలతో నిండుగా కనిపించాలి. ‘అబ్బో, ఈ పక్క ఇంత నారుందా’ అనాలి. ఖాళీ బంద చూసి మిల్లు పెట్టేవాడెవడ్రా?”

“తీసి, ఒలిచి, ఆరేసిన నారే సూపిద్దుం బాబూ. దండేల మీద ఎండకి మెరుస్తాది.”

“దండేల మీద బట్టలూ ఆరేస్తార్రా. నీకు పెద్ద ఊహ లేదు.”

“నేదు బాబూ.”

“మిల్లు స్థలం చదునయిందా?”

“అయిపోనాది. నార ఒలవాల్సిన మనుసులందరూ ఆడే ఉన్నారు గదా, అవకేటవుతాది?”

“స్వాగత ద్వారానికి మామిడాకులు?”

“కట్టేం. ఎండిపోనాయి. మళ్లీ కట్టేం. అవీ ఎండిపోనాయి.”

“సైరన్ జాగ్రత్తగా ఉందా?”

“గున్నమ్మ సాలలో ఉన్నాది. నిన్న ఎవులో తిప్పీసేరు. అది కూస్తే గున్నమ్మ ఆవు కట్టుతాడు తెంపుకుని పరిగెత్తీసింది. పాలు కూడా ఇవ్వనేదంట.”

“మిలిటరీ వాళ్ల సరుకు. వైజాగు వేలంలో కొన్నాను. ఇటుక పడకముందే మిల్లుకి కూతుందంటే సేట్లు ఏమనుకుంటారో చెప్పు.”

“ఆళ్లేటనుకుంటారో బాబూ. ఊరోళ్లేటనుకుంటన్నారో సెప్పనా?”

“చెప్పకు.”

“మన బండి రోజూ టేసనుకెల్తన్నాది. రోజూ కాళీగా వస్తన్నాది. దీపావళి కూడా ఎల్లిపోనాది.”

“రైళ్లు లేటు.”

“ఇన్నాళ్లు లేటయ్యే రైలుంటాదా బాబూ?”

“కలకత్తా అంటే మన సంత అనుకున్నావా, ఇలా బయల్దేరి అలా వచ్చేయడానికి?”

“బాబూ, మీ కట్టలొక్కటే అయితే నానడగను. మీ నార, మీ ఇష్టం. ఈ నీళ్లలో గంగులివి ఉన్నాయి, కూర్మయ్యవి ఉన్నాయి, మా బావ ఎర్రన్నవి ఉన్నాయి. ఊరి గోగంతా ఇందులోనే ఉన్నాది. ఆళ్లు మీ మొకం సూసి ఎయ్యనేదు. నా మొకం సూసి ఏసేరు. ‘నాయుడు బాబు బందలో నానెయ్యండి, మిల్లొస్తాది, మంచి దరొస్తాది, టయానికి తీయించీ పూసీ నాది’ అని ఇంటింటికీ ఎల్లి సెప్పేను. మీరు సెప్పమంటే సెప్పేను.”

“చెప్పేవు. మంచిపనే చేసేవు.”

“నార అమ్మితేనే ఆళ్లకి గింజలు. అమ్మకపోతే పెళ్లాం బిడ్డల్తో కరగ్‌పూర్ బండెక్కీడమే.”

“ఏం కాదు. నార బాగానే ఉంది కదా?”

“తీస్తే తెలుస్తాది బాబూ.”

“అదేం మాట? రోజూ నువ్వే కదా కాపలా. చూస్తున్నావు కదా.”

“సూస్తన్నాను.”

“మరి?”

“తీయమని సెప్పండి బాబూ. మీ నోటంట. ఆళ్లందరూ ఇనీలాగ ఒక్కసారి సెప్పండి.”

“ఓలయ్యో, ఇంకా ఇక్కడే ఉన్నారేటి? అంబలి తెచ్చేను. ఏటి మావా, బాబు సెలవిచ్చేరా?”

“నేదు సిన్నతల్లీ.”

“ఇవ్వరు. బాబూ, మీ కంబారి పెళ్లానికి నోరెక్కువని మీరే అంటారు. ఎక్కువే. ఒక మాట సెప్తాను, ఇనండి. మా అన్న ఎర్రన్న, గంగులు, కూర్మయ్య, ఆడోళ్లూ, అందరూ సింతల కాడ కూకున్నారు. తువ్వాళ్లు నడుంకి బిగించీసేరు. సెలవిచ్చినా ఇవ్వకపోయినా ఇయ్యాళ నీళ్లలో దిగుతామంటన్నారు.”

“నా బందలో, నా మాట లేకుండానే?”

“నీళ్లు మీవి బాబూ. కట్టలు ఆళ్లవి.”

“సిన్నతల్లీ, ఊరుకో.”

“ఊరుకునే ఇంతదాకా వచ్చేం. ఈ కంపుకి పక్కూరోళ్లు కూడా ముక్కు మూసుకుంటన్నారు. నీకా, నిద్ర నేదు. తెల్లారకముందే లేచొచ్చి నీళ్లలో దిగి నిలబడతావు. ఏటి సూసేవంటే సెప్పవు.”

“ఒరే సూరీ, నిజంగా దిగుతారా వాళ్లు?”

“దిగుతారు బాబూ.”

“సేట్లు వచ్చేదాకా ఆగమను. రేపు. ఒక్క రేపటి వరకు.”

“రేపొస్తారా బాబూ? మా మావ అడగడు, నేనడుగుతాను. ఒట్టెయ్యండి. పిల్లల మీదొద్దు, ఆ గున్నమ్మ సాలలో కూత మీద ఒట్టెయ్యండి, సాలు. ఏటి బాబూ? నేలకేసి సూస్తారేటి?”

“సూరీ.”

“బాబూ.”

“ఎవరూ రార్రా.”

“రేపు రారా?”

“రేపు రారు, ఎల్లుండి రారు. దసరాకి మా బావమరిది కలకత్తా నుంచి వచ్చి చెప్పేసేడు. సేట్లకి ఈ పక్క మిల్లు పెట్టే ఆలోచనే లేదట. మావాడు చెప్తూంటే నవ్వేరట.”

“దసరాకా బాబూ?”

“అప్పటికే కట్టలు నీళ్లలో వేయించేసేను. స్థలం చదును మొదలెట్టించేసేను. గంగులికి గేటు కాపలా అన్నాను. నీకు మేస్త్రీ పని అన్నాను. ఊరంతా నన్ను చూసి దండం పెట్టేవారు, ఎలా చెప్పను? ఈలోగా ఇంకో సేటు దొరక్కపోతాడా అనుకున్నాను. మద్రాసుకి మనిషిని పంపేను, బొంబాయికి పంపేను. బంద నిండుగా ఉన్నన్నాళ్లూ మిల్లు వస్తాదనే ఉండేదిరా నాకు. ఖాళీ అయిపోతే...”

“మరి రోజూ ఆ బండి?”

“బండి వెళ్లకపోతే ఎందుకు వెళ్లలేదని అడుగుతారు కదా.”

“ఓలమ్మో! ఎడ్లని కూడా మోసం సేసీసేరు బాబూ.”

“సరే. అయిందేదో అయింది. తీయించెయ్ సూరీ. నేనే వస్తాను. తీయండర్రా అని అందరూ వినేలాగ నా నోటితోనే చెప్తాను. వోన దిగకముందే కానియ్. ఏం, ఇంకా నిలబడ్డావేం? పొద్దున్నుంచీ ఈ మాట కోసమే కదా చంపేసేవు?”

“ఈ మాట కోసమే బాబూ.”

“మరి పద.”

“ఏటి తీస్తాను బాబూ? తీయడానికేటున్నాది?”

“అంటే?”

“నాగులచవితి నాడే నార ఎక్కువ నానిపోయి కుళ్లిపోనాది. పట్టుకుంటే సేతిలో ముద్దయిపోతన్నాది. గట్టువారవి సూసేను. నడిమవి సూసేను. అడుగునవి సూసేను. రోజూ సూసేను. ఒక్క కట్టయినా మిగిలిందేమోనని.”

“మరి వోనన్నావు. ఆరెయ్యాలన్నావు...”

“ఆళ్లకి సెప్పలేక బాబూ. మీరు తీయమంటే ఆళ్లే దిగుతారు. ఆళ్ల సేతుల్తో ఆళ్లే సూసుకుంటారు. నాయుడు బాబు ఆలీసం సేసీసేడు, అందుకే పోయిందనుకుంటారు. మీ మీద పడితే నా మీద నుంచి పోతాదనుకున్నాను.”

“నా మీదకా.”

“మీ మీదకే బాబూ. మీరు తట్టుకోగలరు గదా అని.”

“మావా. మా అన్నవి కూడానా?”

“అన్నీనే సిన్నతల్లీ. మనవీ.”

“...ఆళ్లు లేచేరు. ఇటే వస్తన్నారు.”

“సూరీ, ఇప్పుడెవరం చెప్తాంరా? నువ్వు చెప్తావా? నేనా? సూరీ!”

“కూకోండి. ఇద్దరూ కూకోండి. బాబూ, మా కుండలో అంబలి మీరు తాగరు, నాకు తెలుసు. ఇయ్యాళ తాగండి. ఆళ్లొచ్చిన కాణ్ణించి ఈ ఊళ్లో మీకూ మాకూ పిడికెడు కూడెట్టీవోళ్లుండరు.”

ముగ్గురూ గట్టు మీద కూర్చుని, ఉల్లిపాయ నంజుకుంటూ ఆ ఒక్క కుండలో అంబలే తాగేరు.