దొర వెయిట్ అన్నాడంట

లోవయ్యని ఒకడుండేవాడంట, వెదుళ్ళరేవులో పడవ నడిపేవాడు. గోదారికి ఈ ఒడ్డున కొండలు, ఆ ఒడ్డున ఊళ్ళు, మధ్యలో ఇతని పడవొక్కటే. ఇంకో రేవు కావాలంటే పూటంతా దిగువకి నడవాలి. ఇతని పెళ్ళాం అచ్చియ్యమ్మ. దాని పుట్టిల్లు ఆ ఒడ్డునే. తొలిచూలని పురిటికెళ్ళింది, తల్లి గోదారమ్మ దయవల్ల మగపిల్లాడు పుట్టేడు, గుప్పెడున్నాడంట. లోవయ్య ఆ ఒడ్డుకి జనాన్ని దింపినప్పుడల్లా అది పిల్లోణ్ణెత్తుకొచ్చి చూపించేది. ఇతను తడి చేతులు పంచెకి తుడుచుకుని, ముట్టుకోడానికి భయపడి, అలా చూసి ఎల్లిపోయేవాడు. మూడో నెల రాగానే గురువారం మంచిదని పెద్దోళ్ళు ముహూర్తం పెట్టేరు. ఆ రోజు లోవయ్య ఎళ్ళి తల్లినీ పిల్లోణ్ణీ పడవలో తెచ్చుకోవాల. సరేనా? ఏమైందంటే, ముందురోజు బుధవారం పొద్దున్నే ఓ దొర దిగేడు.

తెల్లగా, పొడుగ్గా, నెత్తిన బుట్టలాంటి టోపీ. కూడా ఓ దుబాసీ. అంటే దొర మాట మనకీ, మన మాట దొరకీ చెప్పేవోడు. కొండల్లో టేకుచెట్లు చూసి రావాలంట. లోవయ్య ఆ ఒడ్డున ఎక్కించుకుని ఈ ఒడ్డున దింపేడు. దొర దిగి, అరచెయ్యి ఇలా ఎత్తి, ఒక్క మాటన్నాడు. "వెయిట్" అన్నాడు. ఇప్పుడు మీరంతా ఫోనుల్లో అంటారే, వెయిట్ చెయ్యి, వెయిట్ చెయ్యని, అదే మాట. అప్పట్లో అది మన రేవులో కొత్త. లోవయ్య దుబాసీ కేసి చూసి, "ఏటన్నారు బాబూ దొరగారు?" అన్నాడు. "కాచుకోమన్నారురా." "ఎంతసేపండీ?" అంటే దుబాసీ నవ్వి, "ఎంతసేపో ఆ మాటలో లేదురా" అనేసి దొర ఎనకాల కొండెక్కేసేడంట.

మనోడు పడవ గుంజకి కట్టి కూచున్నాడు. సాయంత్రమైంది, రాలేదు. గురువారం వచ్చింది. ఆ ఒడ్డున అచ్చియ్యమ్మ తలంటు పోసుకుని, పిల్లోడికి బుగ్గన చుక్క పెట్టి, మూట కట్టుకుని నిలబడింది. ఇతనికి కనపడతానే ఉంది, జొన్నగింజంత. మీరడగొచ్చు, వెర్రోడా, ఒక్క గెంటు ఎళ్ళి తెచ్చుకోవచ్చు గదా అని. ఇతని అక్క కోటమ్మా అదే అడిగింది, చేతులు తిప్పుతా. "ఒరే తమ్ముడా, దొర నీకు మేనమామా? ఎళ్ళి నీ పెళ్ళాన్ని తెచ్చుకోరా!" దానికితను "అక్కా, కొండెక్కినోణ్ణి దింపిన పడవే తిరిగి ఎక్కించుకోవాల. అది మన తాతల నాటి కట్టు. నేనటు ఎళ్ళగానే ఆయనొచ్చి, ఎనకాల పులో జొరమో తరుముకొస్తా ఉంటే, రేవులో పడవ లేకపోతే? ఆ పాపం గోదారమ్మ కడుగుద్దా?" అన్నాడు. మంచోడండీ. మంచోళ్ళతోనే వచ్చిన చిక్కు.

అలా తొమ్మిది రోజులయ్యింది. జనం ఆ ఒడ్డున నిలబడి "ఓ లోవయ్యో, పడవ తేవయ్యో" అని కేకేస్తే, ఇతనిటునుంచి "దొర కాచుకోమన్నాడయ్యో" అని కేకేసేవాడు. వాళ్ళు తిట్టుకుంటా దిగువ రేవుకి పోయేవారు. పదోరోజున ఎర్రనీరు దిగింది. ఇంకేటుంది, గోదారి నిండిపోయింది, మానులు మానులే కొట్టుకొస్తన్నాయి, దిగువ రేవు కూడా మూసేసేరు. ఆషాఢం, శ్రావణం, భాద్రపదం. మూడు నెలలు! అది రోజూ పొద్దున్నే ఒడ్డుకొచ్చి పిల్లోణ్ణి రెండు చేతులా పైకెత్తి చూపించేది. ఇతను తెడ్డు పైకెత్తేవాడు. అంతే. ఇంకేటీ లేదు మాట్టాడుకోడానికి. వాన కురుస్తా ఉంటే అది ఎత్తిందో లేదో తెలిసేది కాదు, అయినా ఇతను తెడ్డెత్తేవాడంట. పిల్లోడు రోజుకో పిల్లోడిలాగ పెద్దోడవతన్నాడు, చేతుల్లో కుదురుగా ఉండట్లేదు, ఎగురుతున్నాడు. అదీ ఇంత దూరానికి తెలిసేది. ఎలా తెలిసిందంటారా? తండ్రికి తెలుస్తాదండి.

నీళ్ళు తీసేయి. దిగువ రేవు తెరిసేరు. ఇంక వస్తాడనుకుంది. ఊహూఁ. గాజుల శెట్టి దిగువ నుంచి చుట్టి తిరిగొచ్చి చెప్పేడు: "అమ్మా, మీ ఆయన ఏటంటాడంటే, దొర వరదకి కొండల్లో చిక్కుకుపోయి ఉంటాడు, ఇప్పుడే దిగుతాడు, ఇప్పుడు గాని కదిలితే ఇన్నాళ్ళ కాపలా గంగపాలేనంటాడు." పోనీ అచ్చియ్యమ్మే దిగువ రేవు మీంచి ఎళ్ళిపోవచ్చు గదా అంటారేమో. తొలికాన్పు మనిషిని మొగుడొచ్చి తీసుకెళ్ళాల. తనంతట తాను మూటెత్తుకుని అత్తారింటి గుమ్మంలో దిగితే లోకం ఏటంటాది? అందుకని అది ఏం చేసిందంటే, ఊళ్ళో పంతులుగారి దగ్గరకెళ్ళింది. ఆయన దగ్గర ఇంగిలీసు మాటల పుస్తకం ఉంది, ఇటికరాయంత.

"పంతులుగారూ, వెయిట్ అంటే ఏటండి?" ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఏలితో వెతికి, "కాచుకొనుట, తల్లీ. భోజనాల దగ్గర నిలబడి కావలసింది అందించేవాడి పనికీ ఇదే మాటంట. పుట్టుక మాత్రం కోటగోడ మీద. పూర్వం కోటగోడెక్కి శత్రువొస్తాడేమోనని కాపలా కాసేవాణ్ణి ఆ మాటతో పిలిచేవారంట. తర్వాత తర్వాత, శత్రువు పోయి, కావలసినోళ్ళొస్తారేమోనని చూసేవాళ్ళకి వచ్చింది" అన్నాడు. అచ్చియ్యమ్మ "బాగుందండి. మా చేను కాపలా కూడా కాచుకోవడమేగా. మరి దీనికి ఎదురు మాటేదండీ? ఇది ఏ మాటంటే తీరుద్ది?" అంది. ఆయన మళ్ళీ పేజీలు తిప్పి, "పో, అని ఉందమ్మా" అన్నాడు. అచ్చియ్యమ్మ పిల్లోణ్ణి ఆ చంకలోంచి ఈ చంకలోకి మార్చుకుని "పోయినోళ్ళ కోసమే గదండీ ఎదురుచూసేది. పో అన్నది దీనికి ఎదురెలాగవుద్దండీ?" అంది. పంతులుగారు పుస్తకం మూసి, పిల్లోడి చేతిలో బెల్లంముక్క పెట్టేరంట.

కార్తీకమాసం వచ్చింది. సోమవారం. హరహరా అనుకుంటా ఆడోళ్ళంతా స్నానాలకి దిగేరు. అచ్చియ్యమ్మ కూడా నడుములోతు దిగింది, చంకలో పిల్లోడు. అవతల ఇతను పడవలో కూచున్నాడు, గెడ్డం గుండెల దాకా వచ్చింది. ఇప్పుడు జాగర్తగా ఇనండి. మన ఆడోళ్ళు మొగుణ్ణి పేరు పెట్టి పిలవరు గదా. ఏవండీ అంటారు, పిల్లల నాన్న అంటారు. పేరు పెడితే మొగుడి ఆయుష్షు తగ్గిపోద్దని భయం. అది కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఆ పేరు నోట్లో కూడా అనుకోలేదు. రేవులో కేకెయ్యాలంటే పేరు పెట్టాలిగా, అందుకే ఇన్నాళ్ళూ అది కుయ్యిమనలేదు, ఒట్టినే పిల్లోణ్ణెత్తేది. ఆ రోజు ఏటనిపించిందో, గోదారమ్మే పలికించిందో, నీళ్ళకి దణ్ణం పెట్టి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని "ఓ లోవయ్యా! లోవయ్యా! పడవ తేవయ్యా!" అని కేకేసింది.

ఆడోళ్ళందరూ మునకలు మానేసి "అయ్యో అయ్యో, మొగుడి పేరెట్టిందే!" అని బుగ్గలు నొక్కుకున్నారు. ఆ కేకలో మాటలేటి, ఇన్నాళ్ళూ అందరూ కేకేసినవే. కానీ ఆ గొంతులో తన పేరు లోవయ్య ఎప్పుడూ ఇనలేదు గదండీ. లేచేడు. కొండకేసి తిరిగి చూడలేదు. అయిదు నెల్ల తాడు, ముడి నాని బిగుసుకుపోయింది, ఇప్పితే రాలేదు. కత్తితో కోసేసేడు.

ఒడ్డు చేరేక మొదటి మాట ఏటన్నాడో తెలుసా? "నా పేరెట్టేవేటే? ఆయుష్షు తగ్గుద్ది గదా!" అన్నాడంట. అది పిల్లోణ్ణి ఇతని చేతుల్లో పెట్టి, "తగ్గితే తగ్గనీ. మీకున్న నూరేళ్ళూ ఆ ఒడ్డునే కూచుంటే నాకెందుకు? నాకు మిగిలింది చాలు" అంది. పిల్లోడు ఆ గెడ్డం చూసి గుక్కపట్టి ఏడ్చేడు. ఇతనూ ఏడ్చేడు. ఎవరు ఎవర్ని ఊరుకోబెట్టేరో మరి నాకు తెలీదు.

దొరా? దొర కొండకి అటుపక్క నుంచి దిగి కొండెక్కిన వారంలోనే రైలెక్కేసేడంట. దుబాసీ చాన్నాళ్ళకి కనపడి చెప్పేడు. పడవ మాటే మర్చిపోయేడంట మారాజు. లోవయ్యకి ఆయుష్షేం తగ్గలేదు, మనవల్ని కూడా ఎత్తుకున్నాడు.

ఏమ్మా, నవ్వుతున్నావ్, నీ మొగుడి పేరు చెప్పు చూద్దాం? చెప్పదు. నేనూ అంతే. మా ఆయనున్న నలభయ్యేళ్ళలో ఒక్కసారి పేరెట్టి పిలవలేదు. పోయి ఎనిమిదేళ్ళయింది. ఇప్పుడు గోదారికెళ్ళి, మూడు మునకలేసి, రామా కృష్ణా అనుకుని, ఆ ఎనకాలే ఆ పేరూ ఓసారి పిలుస్తాను, ఎవరికీ ఇనపడకుండా. పలకడు. బతికుండగా మాత్రం, ఏవండీ అంటే ఒక్క పిలుపుకి పలికేడా ఏటి!