అక్షరాల్లేని తెల్లదుప్పటి

నా పేరు కొమ్మూరి ప్రేమదాసు. తండ్రి పేరు ఏసుపాదం. వయస్సు ముప్పై నాలుగు. స్వస్థలం బాపట్ల. హైదరాబాదులో సర్కారు తోటలకు నక్షాలు గీసే ఉద్యోగం. ప్రస్తుతం మకాం చిల్కూరులో వడ్రంగి దయానందం గారి ఇల్లు. 1969 జూన్ 12న ఈ ఠాణాలో, సబ్-ఇన్‌స్పెక్టర్ గారు అడిగిన మీదట చెబుతున్నాను.

గండిపేట చెరువు ఒడ్డున వేస్తున్న పార్కులో జనం నిలబడి నీళ్లు చూడటానికి ఎత్తైన వేదిక కట్టాలి. దాని నక్షా నా పని. ప్రత్యేక తెలంగాణ గొడవలకు బస్సులు ఆగిపోయి చిల్కూరులో చిక్కుపడ్డాను. నోరు విప్పితే కోస్తావాణ్ణని తెలిసిపోతుంది. గది కిరాయికివ్వడానికి అందరూ జంకారు. వాళ్లను తప్పుపట్టను. దయానందం గారు మాత్రం ఏమీ అడక్కుండా నా పెట్టె ఎత్తుకుని తన ఇంటివైపు నడిచారు.

జొన్నరొట్టె ముందు పెట్టి ఆయన అన్నది ఇది: "సారు, మా రాష్ట్రం మాకు గావాలె. అది అట్లుండనీ. నువ్వైతే తిను." ఈ మాట రాయడానికి, నా వాంగ్మూలం రాసుకుంటున్న ఠాణా రైటర్ గారు సందేహించారు. నేనే రాయమన్నాను. ఆయన నా దగ్గర ఏదీ దాచలేదు. ఆయన గురించి నేనూ ఏదీ దాచను.

ఒకరోజు కొందరు కుర్రాళ్లు వచ్చి ఆంధ్రా సారును బయటికి పంపమన్నారు. దయానందం గారి భార్య పద్మమ్మ గారు గడపలో నిలబడి, "ఆయన బువ్వ తింటున్నడు. తిన్నంక మాట్లాడుర్రి" అన్నారు. ఆ పూట నేను చాలాసేపు తిన్నాను. వాళ్లు విసుగొచ్చి వెళ్లిపోయారు. ఆ తల్లి రుణం నేను తీర్చుకోలేను.

ఇక నిన్నటి సంగతి. వేదిక రెయిలింగు ఎంత ఎత్తుండాలో నాకు తేలలేదు. నిలబడ్డవాళ్లకు సరిపోతే కూర్చున్నవాళ్లకు నీళ్లు కనబడవు. అసలు కొలతలతో కర్రల నమూనా కట్టి చూద్దామని నేనే అడిగాను. దయానందం గారు చెరువు ఒడ్డునే, జొన్నచేలో మంచె కట్టినట్టు కట్టారు. రెయిలింగు చోట కట్టడానికి పద్మమ్మ గారు తెల్లదుప్పటి ఇచ్చారు. మంచె కడితే, కట్టినవాళ్లు అయినవాళ్లందరినీ ఎక్కించి అక్కడే బువ్వ తినాలని ఆ ఇంటి ఆనవాయితీ. అందుకని ఇరుగుపొరుగు ఆడవాళ్లు సద్దిమూటలతో సహా ఎక్కారు. నేను కింద నిలబడి, దుప్పటి జరిపిస్తూ, లేవండి, కూర్చోండి అని చేతులూపుతూ అరుస్తున్నాను.

అప్పుడే గస్తీ జీపు వచ్చింది. ఎత్తున మంచె, నిండా జనం, ముందు గుడ్డ. నిషేధాజ్ఞలుండగా సభ పెట్టారనుకున్నారు. వాళ్ల స్థానంలో నేనున్నా అదే అనుకునేవాణ్ణి. కానీ ఆ దుప్పటి మీద ఒక్క అక్షరం లేదు. ఎక్కినవాళ్లంతా చెరువువైపు తిరిగి ఉన్నారు. నీళ్లకు ఉపన్యాసం ఎవరిస్తారండీ?

అందరూ ఒక్కసారిగా దిగబోతే మంచె ఊగింది. దయానందం గారు పారిపోలేదు. చివరి ఆడమనిషి దిగేదాకా గుంజను భుజంతో ఆనించి పట్టుకున్నారు. అందుకే దొరికారు. అప్పటికి అందరూ తిన్నారు, ఆయన తప్ప.

దయానందం గారు నన్ను ఇంట్లో బలవంతంగా ఉంచారా అని మీరు అడిగారు. లేదు. పోలీసు కాపలాతో బాపట్ల రైలెక్కిస్తామన్నారు. మీ దయకు కృతజ్ఞుణ్ణి. కానీ ఆయన్ని లాకప్పులో వదిలి వెళ్లలేను. మంచె కట్టించింది నేను, జనాన్ని ఎక్కించింది నేను. కేసంటూ ఉంటే నా మీద రాయండి.

బయట పద్మమ్మ గారు సద్దిమూటతో కూర్చున్నారు. ఆయన నిన్నటి నుంచి ఏమీ ముట్టలేదట. అయ్యా, ముందు ఆయన్ని ఇంటికి వెళ్లి బువ్వ తిననివ్వండి. తిన్నాక మాట్లాడండి.

రైటర్ గారు చదవగా విన్నాను. ఇందులో మాటలు నావి, నిజమైనవి. ఎవరి బలవంతం లేకుండా సంతకం పెడుతున్నాను.

(సం.) కొమ్మూరి ప్రేమదాసు