మూడో సైలెన్సర్

ఆదివారం పొద్దున. తిరుపతిలో, రేణిగుంట రోడ్డు పక్కన మునికుమార్ కార్ల షెడ్డు. కారు కింద మునికుమార్, పక్కన నిలబడి కారు యజమాని జయచంద్ర. కాస్త ఎడంగా కుర్చీలో జయచంద్ర భార్య స్రవంతి.

"మూడో సైలెన్సరన్నా ఇది. మూడోది. ఒరిజినలే అంటివి, నమ్మితిని."

"ఒరిజినలే అప్పా. పెట్టె నువ్వే చింపితివి కదా."

"చింపినా. మరి మోత పోయిందా? పోలే. రేణిగుంట దాటి ఎనబై ముట్టిందంటే చాలు, బొయ్‌మని మొదలు. మేమిద్దరం పనికి పోయే శ్రీ సిటీ గేటు దాకా అదే. దిగినాక కూడా చెవుల్లో అదే."

"మార్చినాక మొదట ఎట్లుండె?"

"రెండు దినాలు బాగుండె. అదే నాకు కడుపుమంట. రెండు దినాలు సద్దే లేదు, మూడోనాడు మళ్ళా మొదలు. దీని ముందుదీ అంతే, దాని ముందుదీ అంతే."

"ఇనప సామాను రెండు దినాలకు చెడిపోయేదానికి పాలా అప్పా?"

"నన్నడిగితే? మెకానిక్కువి నువ్వు."

"ఆ లైటు కొంచెం ఇట్ల పట్టు. పాటలు గట్టిగా పెట్టుకుంటే పోదా? శానామంది అట్లే పోతారు."

"పాటలు కాదన్నా నాకు కావాల్సింది, మాట. ఇంట్లో మా అమ్మ ఉంటాది, పాప ఉంటాది. నేనూ నా పెండ్లామూ ఇద్దరమే ఉండేది ఆ కార్లోనే. పోను గంటన్నర, రాను గంటన్నర. ఒక మాట తేల్చుకోవాల."

"ఏం మాట?"

"వాళ్ళ కంపెనీలో ఆమెను లైన్ లీడర్ని చేస్తామన్నారంట. నెలాఖరు లోపల ఒప్పుకుంటావా లేదా చెప్పమన్నారు. నేను అసలు పనే మానేయమంటా ఉండా. అడిగినప్పుడల్లా 'ఏందీ, వినపళ్ళే' అంటాది. గొంతు పెంచి చెప్తే కొట్లాట మాదిరి ఉంటాది. నెల అయిపోతా ఉండాది."

"మంచి పనే కదప్పా. మానేయడం ఎందుకు?"

"అది మా ఇంటి సంగతి. నువ్వు సైలెన్సర్ సంగతి చూడు."

"చూస్తానే ఉండా... ఓహో."

"ఏం ఓహో?"

"ఏం లే."

"ఏం లే అంటే ఎట్ల? చెప్పు."

"పోయినసారి కూడా ఇదే ఉండె. ఎవురో చేసిన పాత రిపేరులే అని కోసి పారేసినా. మళ్ళా ఉండాది. వంగి చూడప్పా. సైలెన్సర్ ఈ రబ్బర్లకు వేలాడల్ల. ఊగతా ఉంటేనే దాని అదురు కారుకు తగల్దు. ఈడ ఏం చేసినారంటే, ఊగకుండా బిర్రుగా కట్టేసినారు. అదురంతా లోపలికే వస్తాది. పది సైలెన్సర్లు మార్చినా ఇంతే."

"కట్టినారా? ఎవరు కడతారు... మా అమ్మ. మా అమ్మే అన్నా. దిష్టికని ఏదో ఒకటి కడతానే ఉంటాది. ముందర నిమ్మకాయలు, వెనక పాత చెప్పు. ఇంటికి పోయి చెప్తా ఆమె పని."

"దిష్టికి నల్లదారం కడతారప్పా. ఇవి వైర్లు బిగించే ప్లాస్టిక్ పట్టీలు, కేబుల్ టైలు. నాలుగు వేసినారు. తోకలు గూడా సమంగా కత్తిరించినారు."

"చేతికి ఏది దొరికితే అది కట్టింటాది. ఆమెకేం తెలుసు."

"ఇంత వేడికి కరగని రకం మన అంగళ్ళలో నేను చూళ్ళే. కార్లకు వైర్లు కట్టే కంపెనీల్లో వాడతారని విన్నా. అంతకంటే నాకు తెలీదు, నన్నేం అడగొద్దు."

"కార్లకు వైర్లు... స్రవంతీ."

"ఊఁ."

"ఇట్ల రా. ఇది చూడు. మీ కంపెనీలో వాడేది ఇదేనా?"

"ఇదే."

"కారు కిందికి యాడ్నించి వచ్చింది?"

"నేనే కట్టినా మామా. మూడుసార్లూ నేనే."

"నేను టీ తాగొస్తానప్పా."

"నువ్వుండన్నా. ఏమే, నెల దినాలుగా ఆదివారమంతా ఈ షెడ్లోనే తెల్లారిపాయ నాకు. ఈయన్ను నోటికొచ్చినట్టు తిడితిని. ఒక్క మాట చెప్పింటే నీ సొమ్మేం పోతాది?"

"ఎప్పుడు చెప్పల్ల? మోత లేని ఆ రెండు దినాలూ నువ్వు మాట్లాడింది ఒకటే కదా. ఇంటికాడ ఎక్కితే గేటు దాకా మానెయ్, మానెయ్. మా అమ్మకు మోకాళ్ళ నొప్పులు, మానెయ్. పాపకు మార్కులు తగ్గినాయి, మానెయ్. ఆడదానికి లీడర్ పని ఎందుకిస్తారో నాకు తెలీదా, మానెయ్. ఆ మాట అన్న దినం గేటు కాడ దిగి మొహం కడుక్కోని పోయినా లోపలికి. లైన్లో నాతో పనిచేసే పిల్లలు చూస్తారని."

"కోపంలో వచ్చింటాది ఆ మాట. నీ మంచికే కదా చెప్పింది."

"మీ కంపెనీ స్టోర్స్‌లో నువ్వు తొమ్మిదేండ్లుగా అదే కుర్చీలో ఉండావు. దానికి నేనేం చేసేది మామా?"

"అన్న ముందర ఆ మాటలెందుకు?"

"నువ్వు మొదలుపెట్టింది అన్న ముందరే. మోత ఉంటే నువ్వు రెండు సార్లు అడిగి ఊరుకుంటావు. గంటన్నర బయటికి చూసుకుంటా కూర్చుంటా. దినానికి నాకుండే నెమ్మది అంతే."

"అంటే నా మాట కంటే ఆ మోతే మేలా నీకు?"

"మేలే."

"... కోసెయ్ అన్నా అవి. నాలుగూ కోసెయ్. మళ్ళా ఎట్ల కడతాదో నేనూ చూస్తా. రేపట్నించి సద్దు లేకుండా పోతాం. నిదానంగా కూర్చోని మాట్లాడుకుంటే అదే తేలిపోతాది."

"కోసెయ్ అన్నా, నేనింక కట్టేది లేదు. లీడర్ పనికి శుక్రవారమే సంతకం పెట్టేసినా మామా. లీడర్లు అరగంట ముందే ఉండల్లని కంపెనీ బస్సు ఇచ్చినారు. రేపట్నించి నేను దాంట్లో పోతా, నువ్వు కార్లో నిమ్మళంగా పో."